పాటకు పొలిమేర లేదు, పాటగాడికి నీడ లేదు

రాష్ట్ర గీతానికి బాణీ కట్టేది ఏ ఊరివాడు? 2024 మే నెలలో తెలంగాణలో నడిచిన పెద్ద పంచాయితీ ఇది. అందెశ్రీ రాసిన గీతాన్ని రాష్ట్ర గీతం చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఉద్యమ కాలమంతా బడిపిల్లల నోట, సభల్లో, బస్సుల్లో, జేఏసీ టెంట్లలో మోగిన గీతమది. రాష్ట్రం వచ్చాక పదేళ్లు దానికి అధికారిక గుర్తింపు లేకుండా పోయింది. చివరికి గుర్తింపు ఇచ్చే వేళకు సంగీతం పని ఎం.ఎం. కీరవాణికి అప్పగించారు. కీరవాణి పుట్టింది గోదావరి ఒడ్డున కొవ్వూరులో. తెలంగాణ గీతానికి ఆంధ్ర సంగీత దర్శకుడా అని సినీ సంగీత కళాకారుల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. ఎంపిక అందెశ్రీదేనని ముఖ్యమంత్రి జవాబిచ్చారు. 2024 జూన్ 2న పరేడ్ మైదానంలో గీతం మోగింది. పంచాయితీ మాత్రం తెగలేదు.

ఆ రోజుల్లో చాలామంది మమ్మల్ని అడిగారు. ఉద్యమ పత్రిక అయి ఉండి మీరేమంటారు అని. మిత్రులు కొందరు నిలదీశారు కూడా. ఆలస్యంగానైనా మా మాట చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. 2025 నవంబర్ 10న అందెశ్రీ కన్నుమూశారు. ఇప్పుడు ఆ బాధ్యత మరింత బరువైంది.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. యాభై ఏళ్ల సినిమా మన యాసను విలన్‌కో, జోకర్‌కో అంటగట్టింది. హీరో నోట ఎప్పుడూ కృష్ణా, గోదావరి జిల్లాల మాటే. మన పాట పల్లెల్లో బతికింది, స్టూడియో గేటు లోపలికి పోలేదు. పోయినా పేరు లేకుండా పోయింది. అలాంటి గాయం ఉన్నవాడు, మన గీతానికన్నా మనోడు బాణీ కట్టరాదా అని అడిగితే దాన్ని సంకుచితం అని కొట్టిపారేయడం అన్యాయం. అవకాశాల్లో వాటా అడగడమే కదా ఈ ఉద్యమానికి మూలం.

అయితే అవకాశాల్లో వాటా అడగడం వేరు, పాటకు పుట్టిన ఊరు చూసి ముల్కీ సర్టిఫికెట్ అడగడం వేరు. ఈ తేడా మనకు గోదావరి డెల్టా గడ్డ మీదే ఒక పాటగాడు నేర్పించాడు. ఆయన పేరు గరిమెళ్ల సత్యనారాయణ. నూరేళ్ల కింద ఒక్కడే పాట కట్టాడు, ఒక్కడే పాడాడు, ఒక్కడే జైలుకు పోయాడు. ఇవాళ మన పిల్లలకు ఆయన పేరు పాఠ్యపుస్తకంలో ఒక వరుస. ఆ వరుస వెనుక ఉన్న బతుకు తెలిస్తే కీరవాణి పంచాయితీ చిన్నదైపోతుంది. అసలు పంచాయితీ ఏదో బయటపడుతుంది.

గరిమెళ్ల డెల్టావాడు కాదు. 1893లో శ్రీకాకుళం ప్రాంతంలో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టాడు. అప్పటికీ ఇప్పటికీ వెనుకబాటుకు పేరుపడ్డ ప్రాంతం. పేద ఇల్లు. ఒక లాయరు దయతో చదువు సాగింది. బి.ఏ. పాసయ్యాడు. గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగా, విజయనగరంలో పంతులుగా పని చేశాడు. ఆ రోజుల్లో బి.ఏ. చదివినవాడికి సర్కారు కొలువంటే జీవితానికి భరోసా. 1920 చివర సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. గరిమెళ్ల ఆ భరోసాను పక్కన పెట్టి పాట అందుకున్నాడు. ఉద్యోగ మిత్రులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని మా మనవి. సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డ మీకు ఆ నిర్ణయం బరువు మేం చెప్పనక్కరలేదు.

ఆయన కట్టిన 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట గోదావరి జిల్లాలను ఊపేసింది. రాజమండ్రిలో ఆ పాట అచ్చు ప్రతులు ఒక్కొక్కటి బేడకు అమ్ముడుపోయేవని చెప్పుకుంటారు. బేడ అంటే రెండణాలు. 1921 నాటి 'స్వరాజ్య గీతములు' ఆయన తొలి పాటల పుస్తకం. ఈ కాలం భాషలో చెప్పాలంటే తొలి ఆల్బం. తేడా ఏమిటంటే దానికి స్టూడియో లేదు, వాయిద్యం లేదు, కంపెనీ లేదు. ఒక గొంతు, ఒక అచ్చు కాగితం. అంతే. పాట విన్నవాడు కాగితం కొన్నాడు. కాగితం కొన్నవాడు ఇంటికి పోయి తానే పాడాడు. చదువు రానివాడు విని నేర్చుకున్నాడు. ఊరి పొలిమేర దాటడానికి ఆ పాటకు ఇంతకంటే బండి అక్కరలేకపోయింది.

ఆ పాటలో ఏముంది? పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. పండే పంట గురించి, నిండని కడుపు గురించి ఉంది. ఉప్పు మీద సర్కారు పట్టు గురించి ఉంది. సారా గురించి, కోర్టుల గురించి, గాంధీ పేరెత్తిన బడిపిల్లలకు పడే శిక్షల గురించి ఉంది. ప్రతి చరణం ఒక ఫిర్యాదు. ప్రతి ఫిర్యాదూ విన్నవాడి ఇంట్లో జరిగిందే. పల్లవి దగ్గరకు వచ్చేసరికి జనమంతా గొంతు కలుపుతారు. పాడేవాడు ఒక్కడే, పాట అందరిదీ. ఇంకో సంగతి గమనించండి. గాంధీ దండికి నడిచింది 1930లో. అంతకు తొమ్మిదేళ్ల ముందే ఒక తెలుగు పాటగాడు ఉప్పును పాటలోకి ఎక్కించాడు. నాయకుడి కంటే ముందు జనం గోడు పాటకు తెలుస్తుంది. తెలంగాణలో మనం చూసిందీ ఇదే కదా! నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలు మేధావుల లెక్కల పుస్తకాల్లోంచి ఊరి రచ్చబండ దాకా నడిచింది పాట కాళ్ల మీదే. 2002 నుంచి ధూంధాం వేదికలు చేసిన పని అది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ పాట అమ్ముడుపోయిన గోదావరి డెల్టా ఎలాంటిది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక రూపు మారిన నేల అది. కరువుతో అల్లాడిన జిల్లా కాలువల నీళ్లతో వరిచేను అయింది. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ తెల్లవాడే. డెల్టాలో ఈనాటికీ ఊరూరా ఆయన విగ్రహం కనిపిస్తుంది. దండలు వేస్తారు, దణ్ణం పెడతారు. ఒక తెల్లవాణ్ణి అంతగా నెత్తిన పెట్టుకున్న జిల్లాల్లోనే తెల్లదొరతనం వద్దన్న పాటకు జనం బేడ ఇచ్చి కొనుక్కున్నారు. ఇందులో వైరుధ్యం ఏమైనా ఉందా? మాకు కనిపించదు. ఆ జనానికి మనిషికీ పెత్తనానికీ తేడా తెలుసు. నీళ్లిచ్చిన మనిషికి దండ వేశారు. ఉప్పు ముట్టనివ్వని పాలనను వద్దన్నారు. గరిమెళ్ల పాట పేరులో ఉన్నది దొర కాదు, దొరతనం.

మన ఉద్యమం చెప్పింది కూడా అక్షరాలా ఇదే. 1969 నుంచి 2014 దాకా మనం వద్దన్నది ఆంధ్రా రైతును కాదు, ఆంధ్రా కూలీని కాదు, ఆంధ్రా పాటను అంతకంటే కాదు. హైదరాబాద్‌లో కూర్చుని మన నీళ్లకు, కొలువులకు, భూములకు పంపకాలు చేసిన పెత్తనాన్ని. విడిపోయి కలిసుందాం అన్నది మన నినాదమే. దొర అన్న మాట మన పల్లెల్లో గడీని గుర్తు చేస్తుంది. గడీలో ఉండే దొర తెల్లవాడు కాదు, ఆంధ్రావాడూ కాదు, మన ఊరివాడే. దొరతనానికి ప్రాంతం లేదని తెలంగాణ కంటే బాగా ఎవరికి తెలుసు? గోదావరి మన బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, కాళేశ్వరం, భద్రాచలం దాటి డెల్టాకు పోతుంది. ఆ నీళ్లలో మన వాటా కోసం చివరిదాకా కొట్లాడుదాం. ఆ నీళ్ల ఒడ్డున పుట్టిన పాట మీద మాత్రం మనకు కోపం అక్కరలేదు. పల్లెపాటను వేదికకు, గ్రామఫోను రికార్డుకు ఎక్కించిన వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు ఆ కాకినాడ వైపు వాళ్లే. వాళ్లు చేసిన పనికి మనం కూడా వారసులమే.

పాటకు సర్కారు ఇచ్చిన బహుమానం ఏమిటో కూడా చెప్పుకోవాలి. అప్పటి ఆంగ్లేయ కలెక్టర్ బ్రేకన్ గరిమెళ్లను పిలిపించి పాట మొత్తం పాడించుకుని విన్నాడట. తనకు తెలుగు రాకపోయినా ఈ పాట జనాన్ని ఎంత రేపగలదో అర్థమైందని ఒప్పుకున్నాడట. ఒప్పుకున్నాక చేసిందేమిటి? ఏడాది జైలు. గరిమెళ్ల బయటికొచ్చాడు, మళ్లీ పాట ఎత్తుకున్నాడు. పల్లె పల్లెనా పాడుకుంటూ తిరిగాడు. మళ్లీ పట్టుకున్నారు. ఈసారి రెండున్నరేళ్ల కఠిన శిక్ష. ఆయన జైల్లో ఉండగా ఇంటి దగ్గర తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారు. రాసివ్వలేదు. కొలువు పోయింది, తండ్రి చివరి చూపు పోయింది, పాట మాత్రం ఆయన గొంతులోనే ఉంది.

ఇక్కడితో ఆపితే ఇది వీరగాథ అవుతుంది. పాఠ్యపుస్తకాలు సరిగ్గా ఇక్కడే ఆపుతాయి. మేం ఆపలేం.

తర్వాత గరిమెళ్ల మద్రాసు చేరాడు. పత్రికల్లో పని చేశాడు, అనువాదాలు చేశాడు. సంసారం ఈదలేక నలిగిపోయాడు. 1947లో ఏ తెల్లదొరతనం పోవాలని పాడాడో అది పోయింది. ఆయన దరిద్రం మాత్రం పోలేదు. ఒక కన్ను చూపు పోయింది. పక్షవాతం వచ్చింది. బేడకో పాట అమ్మినవాడు చివరికి చెయ్యి చాచి బతకాల్సి వచ్చింది. 1952 డిసెంబర్ 18న మద్రాసులోనే పోయాడు.

ఆ తేదీ చూడండి. రాష్ట్ర సాధకులుగా మనకు ఆ వారం బాగా తెలుసు. ఆంధ్ర రాష్ట్రం కోసం అదే మద్రాసులో, గోదావరి జిల్లా నాయకుడు బులుసు సాంబమూర్తి ఇంట్లో, పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆంధ్ర ప్రాంతమంతా భగ్గుమంది. డిసెంబర్ 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఆ ప్రకటనకు ఒక్క రోజు ముందు గరిమెళ్ల పోయాడు. ఒక రాష్ట్రం పుట్టే గడియలో, అదే పట్నంలో, ఆ జనానికి గొంతు ఇచ్చిన పాటగాడు దిక్కులేక పోయాడు. ఆ కోలాహలంలో ఒక పేద కవి చావు ఎంతమంది చెవిన పడి ఉంటుంది? రాష్ట్రం వచ్చింది. ముఖ్యమంత్రి వచ్చాడు, మంత్రులు వచ్చారు, రాజధాని ఎక్కడన్న తగువు వచ్చింది. పాటగాడి లెక్క ఎవరి ఖాతాలోనూ రాయలేదు.

ఈ సంపాదకీయం రాయడానికి మాకున్న కారణం ఇదే. రాష్ట్రాలు వస్తాయి. వచ్చేటప్పుడు పాటగాణ్ణి భుజాల మీద మోస్తాయి. వచ్చాక దించేస్తాయి. ఆంధ్రలో జరిగింది తెలంగాణలో జరగలేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

బెల్లి లలితను గుర్తు చేసుకుందాం. భువనగిరి బిడ్డ, పాటనే ఆయుధం చేసుకున్న పేదింటి ఆడబిడ్డ. 1999లో ఆమెను ముక్కలు ముక్కలుగా నరికి చంపారు. రాష్ట్రం చూడకుండానే పోయింది. గద్దర్‌ను తలుచుకుందాం. ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. తొలి పాటల సంపుటికి పెట్టిన గద్దర్ అన్న పేరే ఆయన పేరై నిలిచింది. గరిమెళ్ల కలెక్టరు కచేరీ గుమాస్తా అయితే, విఠల్‌రావు బ్యాంకు గుమాస్తా. ఇద్దరూ కుర్చీ వదిలి వీధిలోకి వచ్చినవాళ్లే. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద తూటాలు పేలాయి. ఒక తూటాను ఒంట్లో మోసుకుంటూనే తెలంగాణ కోసం పాడాడు, 2023 ఆగస్టు 6న వెళ్లిపోయాడు. గూడ అంజయ్య 2016లో జబ్బుతో తీసుకుని తీసుకుని పోయాడు. బడి మొహం చూడని అనాథ, పశువులు కాసిన పిల్లవాడు అందెశ్రీ ఒక రాష్ట్రానికి గీతం ఇచ్చాడు. ఆ గీతం అధికారికంగా మోగడం చూసిన తర్వాత ఆయనకు మిగిలింది ఏడాదిన్నర కూడా కాదు.

2024 డిసెంబర్ 9న రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది మంది కవులు, కళాకారులకు ఇంటి స్థలం, కోటి రూపాయలు, తామ్రపత్రం ప్రకటించింది. మంచి పని. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. గద్దర్, గూడ అంజయ్య ఆ జాబితాలో ఉన్నారు, ఆ వార్త వినడానికి వాళ్లు లేరు. ఆలస్యం ఎంత ఖరీదైనదో ఇంతకంటే చెప్పాలా? తొమ్మిది మందితో లెక్క తీరదు కూడా. ఒక్కో పాట వెనుక ఊరికో పాటగాడు ఉన్నాడు. క్యాసెట్ కవరు మీద పేరు లేనివాడు. కార్లకు మైకులు కట్టి తన పాట వేసుకుని ఓట్లు అడిగినవాళ్ల నుంచి పైసా అందనివాడు. ఇవాళ ఏ సెల్‌ఫోన్ దుకాణంలోనో తన పాట తానే విని, ఇది నాదే అని చెప్పుకోలేనివాడు.

మరో ప్రమాదం గురించి కూడా మాట్లాడాలి. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. ఆకలితో ఉన్న కళాకారుడికి నెలకింత జీతం దొరకడం చిన్న విషయం కాదు. దాన్ని తప్పుపట్టేవాళ్లతో మేం ఏకీభవించం. కానీ జీతం తీసుకున్న గొంతు పథకాల ప్రచారానికే పరిమితం కావాలా? ఉద్యమంలో నిలదీసిన గొంతు ధర్నా చౌక్‌లో ఎందుకు వినిపించకుండా పోయింది? ఒక పార్టీ ప్రభుత్వం పోయి ఇంకో పార్టీ ప్రభుత్వం వచ్చినా ఈ ప్రశ్న పోలేదు. గరిమెళ్లకు అప్పటి సర్కారు ఇచ్చింది రెండే దారులు. క్షమాపణ రాసి బయటపడటం, పాడి లోపల ఉండటం. మన సొంత రాష్ట్రం పాటగాడికి మూడో దారి ఇవ్వకపోతే, మనం సాధించిందేమిటి? అన్నం పెట్టాలి, నోరు కట్టకూడదు. పింఛను హక్కుగా రావాలి, పొగిడినందుకు బక్షీసుగా కాదు.

అందుకే మా డిమాండ్లు సూటిగా పెడుతున్నాం. ఒకటి, 1969 నుంచి 2014 దాకా ఉద్యమంలో పాట కట్టిన, పాడిన ప్రతి ఒక్కరి పేరు మండలం వారీగా నమోదు చేయాలి. ఈ పని ఆఫీసర్లతో కాదు, ఊళ్లో జనం సాక్ష్యంతో జరగాలి. రెండు, అరవై దాటిన జానపద, ఉద్యమ కళాకారులకు పింఛను, వైద్యం హక్కుగా ఇవ్వాలి. ఏ ప్రభుత్వం వచ్చినా, వాళ్లు ఎవరి మీద పాట కట్టినా అది ఆగకూడదు. మూడు, ఉద్యమ పాటల మీద కర్త పేరు వేయకుండా సీడీలు, సినిమాలు, ఎన్నికల ప్రచారాలు వాడుకుంటే వాటా కట్టించే ఏర్పాటు ఉండాలి. నాలుగు, బడిపిల్లల పుస్తకాల్లో బెల్లి లలిత, గద్దర్‌ల పక్కన గరిమెళ్లకు కూడా చోటు ఉండాలి. జైలుతో ఆగిపోయే పాఠం కాకుండా మద్రాసు చావు దాకా ఉన్న పాఠం పెట్టాలి.

చివరి డిమాండు చూసి కొందరు మిత్రులు నొసలు చిట్లిస్తారని తెలుసు. తెలంగాణ పత్రిక ఆంధ్ర కవికి పాఠం అడగడమేమిటి అంటారు. మా జవాబు ఒక్కటే. గరిమెళ్ల బతికి ఉంటే మనల్ని ఎవరి పక్షాన నిలబడమనేవాడో మాకు తెలియదు, ఆయన నోట మన మాటలు పెట్టం. కానీ పెత్తనాన్ని వద్దనడానికి ఒక్క గొంతు, ఒక్క కాగితం చాలని చూపించినవాడు ఏ గడ్డ మీద పాడినా ఉద్యమకారుడికి చుట్టమే. రేపు పాలమూరు కూలీకో, శ్రీకాకుళం వలస బిడ్డకో, పోలవరం ముంపులో ఊరు పోగొట్టుకున్న ఆదివాసీకో పాట కావాల్సి వస్తే అది ఎవరు కట్టారని అడగం, నిజమేనా అని అడుగుతాం.

విద్యార్థి మిత్రులారా! మీ ఊళ్లో పాత పాటగాడు ఎవరైనా ఉంటే ఈ సెలవుల్లో ఆయన ఇంటికి పోండి. పాట పాడించుకోండి. పేరు, ఊరు, పాట ఎప్పుడు కట్టాడో రాసి పెట్టండి. అలా రాసిన ప్రతి కాగితాన్నీ ఈ పత్రిక అచ్చు వేస్తుంది. ఉద్యోగ మిత్రులారా! సమ్మె టెంటులో మీకు ధైర్యం ఇచ్చిన గొంతు ఇప్పుడు ఏ ఆసుపత్రి వరండాలో ఉందో కనుక్కోండి. మందు సీసా ఖర్చు మీ సంఘానికి బరువు కాదు.

కీరవాణి బాణీ బాగుందా లేదా అన్నది చెవి తేల్చుకుంటుంది. నచ్చకపోతే పల్లె తన పాత బాణీలోనే పాడుకుంటుంది, పల్లెను ఆపే జీవో ఇంకా పుట్టలేదు. మనం తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. పాటతో తెచ్చుకున్న రాష్ట్రంలో పాటగాడు చెయ్యి చాచకుండా చావగలడా? 1952 డిసెంబర్‌లో మద్రాసు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది. హైదరాబాద్ చెప్పాలి.

జై తెలంగాణ!